పదకొండో మజిలీలో పిరికి బంతి

ఆగస్టు 2. టైర్లు నాలుగూ బాగున్నాయి. కాజ్‌వే మునగడానికి ఇంకా తొమ్మిదడుగులు.

"నీళ్ళొస్తే ముందు నీ బండి లాగి, ఆ తర్వాతే నాది లాగుతానురా" అని పెచ్చెట్టి చంద్రమౌళి నాకు మాట ఇచ్చి పందొమ్మిదేళ్ళయింది. నీళ్ళు వచ్చాయి. అతని ట్రాక్టరు రాలేదు. ఆ వేళ నేను నాలుగు మైళ్ళ అవతల గట్టు మీద ఉన్నాను, నీటిమట్టం చదివే ఉద్యోగంలో. తిరిగి వచ్చేసరికి మా బండిల్లు లేదు. అందులో ఉన్న నా భార్య విశాలాక్షి లేదు. చంద్రమౌళి బండి మాత్రం మెరక మీద పొడిగా, కిటికీ తెరలతో సహా నిలబడి ఉంది.

ఈ సంగతి ఈ పుస్తకంలో రాయకూడదు. ఇది కదలిక పుస్తకం. వరదల భయంతో ప్రభుత్వం పునాదులు రద్దు చేసి, ఇళ్ళన్నీ చక్రాల మీద పెట్టమన్నప్పటి నుంచి, చక్రాల మీద ఇల్లున్న ప్రతివాడూ రోజూ నింపాలి. టైర్లలో గాలి ఎలా ఉంది, ఏరు ఎంత ఉంది, ఇల్లు చివరిసారి ఎప్పుడు కదిలింది. పక్కన 'విశేషాలు' అని ఒక గడి. ఆ గడిని అన్నిటికంటే వెడల్పుగా గీసిన గుమాస్తా ఎవరో గాని, పని లేని ముసలివాడు, నాలుగు పుస్తకాలు చదివినవాడు, పాత కక్షలు మరిచిపోనివాడు లోకంలో ఒకడుంటాడని అతనికి తట్టి ఉండదు. మా దగ్గర మిగతా నలభై ఇళ్ళవాళ్ళూ ఆ గడిలో 'ఏమీ లేవు' అని రాస్తారు. వాళ్ళ వరకు అది నిజమే.

మాది పదకొండో మజిలీ. రెండు పాయల మధ్య లంక. నలభై ఒక్క బండిళ్ళు, నూట డెబ్బై మంది. బయటికి దారి ఒక్కటే. మజిలీ మూతి దగ్గర ఒక బండి పట్టేంత సందు, దానికి రెండు పక్కలా లోతైన బోదె. సందు దాటితే పాయకు అడ్డంగా కాజ్‌వే, అది దాటితే మెరక. ఆ సందుకు అడ్డంగా ఉన్న మొదటి స్థలం మజిలీ ప్రెసిడెంటుది, అతని ఇల్లు జరిగితే గాని వెనక బండికి దారి లేదు. ప్రమాదమొస్తే నాయకుడు ముందు కదులుతాడు, వెనక మేమందరం వరసగా పోతాం. కాగితం మీద ఇంత ముచ్చటైన ఏర్పాటు నేను ఇంకెక్కడా చదవలేదు. ఇప్పటి ప్రెసిడెంటు చంద్రమౌళి.

ఆగస్టు 4. టైర్లు బాగున్నాయి. ఎనిమిదడుగులు.

ఈ రోజు చక్రం తిప్పే రోజు.

ప్రతి ఇంటి చక్రమూ నెలకొకసారి పూర్తిగా ఒక చుట్టు తిరగాలని చట్టం. తిరిగినట్టు ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూసి ముద్ర వేయాలి. చక్రం తిరగాలన్నారు గాని, ఇల్లు కదలాలని ఎక్కడా రాయలేదు. మనవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఇల్లు ఇటుకల మీద నిలబెట్టుకున్నారు. ముద్ర రోజున ఒక మూల జాకీతో ఎత్తి, చక్రం తగిలించి, గాలిలో గిర్రున తిప్పి, కొబ్బరికాయ కొడతారు. చక్రానికి పసుపూ కుంకుమా కూడా పెడతారు. అది మళ్ళీ నెలకి గాని కనిపించని చుట్టం కదా.

నా నాలుగూ కాక, మజిలీ మొత్తానికి పనికొచ్చే చక్రాలు పది. ఆ పదే నలభై ఇళ్ళకూ తిరుగుతాయి. ఇన్‌స్పెక్టరు ముందు వాకిట్లో కాఫీ తాగుతుంటే, వెనక దొడ్డిదారిన పేరంటాలు ఆ చక్రాన్ని పక్కింటికి దొర్లించుకుపోతుంది. పేరంటాలు మా మజిలీ ట్రాక్టరు నడుపుతుంది. జాకీ కూడా ఆమెదే. నలభై అయిదేళ్ళ మనిషి, ఎద్దును కూడా మాటతో ఆపగలదు.

ఈసారి ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, ఇంకా చూపు చెడని వయసు.

"ఈ టైరుకి ఎర్ర అతుకుంది. ఇదే అతుకు పన్నెండిళ్ళలో చూశాను" అన్నాడు.

"అందరూ ఒకే కొట్లో కొన్నారండి, ఆయ్" అంది పేరంటాలు, చెమట తుడుచుకుంటూ.

"అతుకు కూడా ఆ కొట్లోనే వేశారా?"

"మంచి కొట్టండి బాబూ. తమరికి కావాలంటే సెప్పండి."

అతను కాసేపు ఆమెను చూశాడు, కాసేపు టైరును చూశాడు. ముద్ర వేశాడు. చూపు చెడడానికి ఎన్నో ఏళ్ళు పట్టదు.

నా ఇంటికి వచ్చేసరికి నా చక్రాలు నాలుగూ నేల మీద ఉన్నాయి. జాకీ పెట్టి ఎత్తి తిప్పమన్నాడు.

"ఎత్తడమెందుకు? ఇల్లే నడిపి చూపిస్తాను" అన్నాను.

"అది నిబంధనల్లో లేదండీ."

నాకు ముద్ర పడలేదు. కదలని నలభై ఇళ్ళూ ప్రయాణానికి సిద్ధమనీ, కదిలే ఒక్క ఇల్లే సిద్ధంగా లేదనీ సర్కారు రికార్డుల్లోకి ఎక్కింది.

ఆగస్టు 6. టైర్లు బాగున్నాయి. ఆరడుగులు.

రెండు రోజుల్లో రెండడుగులు పెరిగింది. మధ్యాహ్నం గట్టువాణి మాట్లాడింది. గట్టువాణి అంటే స్తంభం మీద పెట్టిన యంత్రం. పైన ఎక్కడెక్కడి వానలో, గేట్లో, అన్నీ లెక్కగట్టి మాకు ముందుగా చెప్పాలి. మొదట్లో అది మూడు రోజులకోసారి "పారిపోండి" అని అరిచేది. జనం దిళ్ళూ దుప్పట్లూ పట్టుకుని పరుగెత్తేవాళ్ళు, పొడి ఏరు చూసి తిరిగొచ్చేవాళ్ళు. పిల్లలు జడుసుకుంటున్నారని అర్జీలు పెట్టారు. దానికెవరో మర్యాద నేర్పారు. ఈ రోజు అది అన్న మాటలు ఇవి:

"మజిలీవాసులందరికీ నమస్కారం. ఏటిలో నీరు కొంత పెరుగుతున్నట్టు కనబడుతోంది. తమ వీలు చూసుకుని ఆలోచించగలరు."

వియ్యపురాలికి కబురు పెట్టినట్టుంది.

ఆ మొదటి రోజుల్లోనే మా పెద్దలు ఇంకో ఉపాయం కూడా చేశారు. నీళ్ళు రాకుండానే ముందుగా పారిపోయినవాడు, తిరిగొచ్చాక మజిలీ అంతటికీ భోజనం పెట్టాలి. తన చేత్తో వడ్డించాలి. తినేవాళ్ళకు అతన్ని ఎన్ని మాటలైనా అనే హక్కుంది. దీనికి పిరికి బంతి అని పేరు. దేశదేశాల చరిత్రలు చదివాను. పిరికివాణ్ణి ఉరితీసిన రాజ్యాలున్నాయి గాని, వాడిచేత పప్పు వడ్డించుకున్న రాజ్యం మాదొక్కటే. ఫలితం ఏమిటంటే, పన్నెండేళ్ళుగా మా మజిలీలో ఎవరూ ముందు కదలరు. అందరూ రెండోవాడుగా కదలడానికి సిద్ధం.

ఈ పన్నెండేళ్ళలో పిరికి బంతి రెండుసార్లే జరిగింది. రెండుసార్లూ వడ్డించింది నేనే. అప్పటికి చంద్రమౌళి ప్రెసిడెంటు కాలేదు, పాత ప్రెసిడెంటు తన బండి జరిపి నాకు దారిచ్చాడు. నా లెక్క తప్పలేదు, నీళ్ళే దారి తప్పాయి. ఒకసారి పైన గండి పడి ఏరు పక్క కాలువలోకి పోయింది. రెండోసారి ఎందుకు రాలేదో ఏటికే తెలియాలి. నూట డెబ్బై మందికీ ఆనపకాయ కూరా, ముక్కల పులుసూ చేయించి బంతి మొదటి నుంచి చివరిదాకా వంగి వడ్డించాను. చంద్రమౌళి విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూచుని, పులుసు గరిటె చూసి, "ఇంకొంచెం వరద పొయ్యరా కాశీపతీ, ఇది చీలమండ దాకా కూడా రాలేదు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. గరిటె చేతిలో ఉన్నవాడు నవ్వకపోతే ఇంకా తంటా.

ఆగస్టు 8. టైర్లు బాగున్నాయి. ఉదయం నాలుగడుగులు, సాయంత్రం మూడు.

నీళ్ళు ఎర్రబడ్డాయి. నురగలో వెదురుబొంగులు కొట్టుకొస్తున్నాయి. ముప్పై ఏళ్ళు ఆ ఏటి మట్టం చదివి పింఛను తీసుకుంటున్నవాణ్ణి, ఈసారి గండీ లేదు, దారి తప్పడమూ లేదు. రేపు మధ్యాహ్నానికి కాజ్‌వే మునుగుతుంది. మునిగిన కొన్ని గంటల్లో లంక మునుగుతుంది.

ఉదయం నుంచి గడప గడపకూ తిరిగాను. చక్రాల ఇళ్ళకు గడపలెక్కడివంటారా? ఉన్నాయి. పసుపు రాసి, ముగ్గు పెట్టి మరీ ఉన్నాయి. ముందు పందిరి, పక్కన కరివేపాకు, వెనక బాత్రూము. ఒకాయన మెట్లు కూడా కట్టించాడు, పాలరాయివి.

పాలరాయి మెట్ల ఆయన పేరు అప్పలస్వామి. "పక్కోళ్ళు కదిల్తే మేవూ కదుల్తాం బాబాయ్ గోరు" అన్నాడు. పక్కోళ్ళు "అప్పలసోమి కదలనీండి" అన్నారు. ఆ పక్కావిడ ఆలోచించి, "ఈసారి ఆనపకాయ వొద్దండీ, గుత్తొంకాయ సేయించండి, మా ఆయనకి ఆనపకాయ పడదు" అంది.

చివరికి చంద్రమౌళి అరుగు ఎక్కాను. ఆ అరుగు సిమెంటుది. అడిగినవాళ్ళకు తాత్కాలికమని చెబుతాడు. దాని మీద పదిమందితో కూర్చుని పులిజూదం ఆడుతున్నాడు. నాకూ అతనికీ ఒకటే వయసు, డెబ్బై ఆరు. చిన్నప్పుడు ఒకే బెంచీ.

"రారా కాశీ. ఈసారేం కూర?"

"రేపు మధ్యాహ్నం కాజ్‌వే మునుగుతుంది. నువ్వు కదిలితే అందరూ కదులుతారు."

"గట్టువాణి చెప్పలేదుగా?"

"దానికి సిగ్గెక్కువ."

అందరూ నవ్వారు. చంద్రమౌళి నవ్వలేదు, పులిని ఒక గడి జరిపాడు. నేను చేతికర్ర కావాలనే కింద పడేసి, తీసుకునే నెపంతో వంగి, అతని ఇంటి కిందికి చూశాను. ఇటుకలు కూడా కాదు. కాంక్రీటు. నాలుగు వైపులా నేలలోకి పోసిన పునాది. చక్రాలు లేవు సరే, చక్రాలు తగిలించడానికి ఇరుసే లేదు. ప్రెసిడెంటు ఇంటికి చూడకుండానే ముద్ర పడుతుందని అప్పుడు అర్థమైంది.

"ఇరుసేదిరా?" అన్నాను, మెల్లగా.

"మోకాళ్ళ నొప్పులోడివి, అలా వంగకూడదు" అన్నాడు. మొహం మాత్రం పాలిపోయింది.

తిరిగొస్తుంటే పేరంటాలు ట్రాక్టరు తుడుస్తూ కనబడింది. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసట.

"మరి చెప్పలేదేం?"

"సెప్తే ఏటవుద్ది బాబాయ్ గోరు? ఆయన కదల్లేడు గనక మనవెవరం కదల్లేం అని తెలుత్తాది. అప్పుడు అందరికీ బయం. ఇప్పుడు మీకొక్కరికే."

మూతికి అడ్డంగా పునాది. లోపల నూట డెబ్బై మంది. లోకంలో ఏ కోటకైనా ద్వారపాలకుడే గోడైపోయాడా అని ఆలోచించాను. చదివిన వాటిలో ఏదీ గుర్తు రాలేదు.

ఆగస్టు 9, ఉదయం ఏడు గంటలు. టైర్లు బాగున్నాయి. రెండడుగులు.

'చివరిసారి కదిలింది' అన్న గడిలో ఈ రోజు తేదీ వేస్తున్నాను. వెళ్ళి మూతి దగ్గర హారన్ కొడతాను. మూడోసారి కూడా నాదే బంతి అయితే, గుత్తొంకాయే చేయిస్తాను.

అదే రోజు, మధ్యాహ్నం మూడు. మెరక మీద నుంచి.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా బండిల్లు కదలగానే ఆచారం ప్రకారం కంచాలు మోగాయి. పారిపోయేవాణ్ణి కంచాలు కొట్టి సాగనంపుతారు. పిల్లలు వెంటపడ్డారు. మూతి దగ్గర ఆపి హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అరుగు మీదికి చంద్రమౌళి వచ్చాడు. కంచాలతో సహా మజిలీ అంతా పోగైంది.

"అడ్డు తియ్యరా" అన్నాను.

"వెనక్కి తిప్పుకో కాశీ. సాయంత్రం దాకా చూద్దాం."

"తియ్యలేడు" అని జనం వైపు తిరిగి అరిచాను. "ఇంటి కింద పునాది పోశాడు మీ ప్రెసిడెంటు. వంగి చూసుకోండి."

ఇద్దరు ముగ్గురు వంగారు. కంచాలు ఆగిపోయాయి. అక్కడితో ఆపి ఉండవలసింది. పందొమ్మిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట, ఎదురుగా అంతమంది శ్రోతలు. ఆపలేకపోయాను.

"వీడికిది కొత్త కాదు. ముందు నీ బండి లాగుతానని మాటిచ్చి, నా పెళ్ళాన్ని నీళ్ళకొదిలేసి, తన కిటికీ తెరలు తడవకుండా పోయిన మనిషి వీడు."

చంద్రమౌళి అరుగు దిగాడు. నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"వచ్చానురా."

"ఎక్కడికి?"

"మీ ఇంటికే. ట్రాక్టరేసుకుని ముందు మీ ఇంటికే వచ్చాను. ఆవిడ గుమ్మంలో నిలబడింది. 'ఆ చివర బాలింత ఉంది అన్నయ్యగారూ, ముందు వాళ్ళని లాగండి. మాకింకా టైముంది' అంది. కొక్కెం తగిలించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. 'మధ్యాహ్నం దాకా నీళ్ళు రావని మా ఆయన పొద్దున్నే చెప్పి వెళ్ళారు. ఆయన లెక్క తప్పదు' అంది."

నీళ్ళు పదింటికి వచ్చాయి. అది నాకూ తెలుసు. మధ్యాహ్నం అని చెప్పింది నేను. అదీ నాకు తెలుసు. ఆ మాట ఆమె నమ్మిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. విశాలాక్షి నా మాట ఒక్కటీ నమ్మేది కాదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నా, తనే రుచి చూసుకునేది.

"బాలింతని మెరకెక్కించి తిరిగొచ్చేసరికి..." అని ఆపేశాడు. "నా బండి అప్పటికే పైనుందిరా. ముందు రోజే మా బామ్మర్ది తీసుకుపోయాడు. తెరలు అందుకే తడవలేదు. ఆ వేళ నించీ నాకు చక్రాల మీద నిద్ర పట్టలేదు. అందుకే పోయించాను, ఈ పునాది."

 ఏటి హోరు పెరుగుతోంది.

పేరంటాలు ట్రాక్టరు మీంచి కేకేసింది. "ఎవరి తప్పో మెరకెక్కాక తేల్సుకుందురు గాని, నీళ్ళు అడుగున్నర్లో ఉన్నాయ్! పెసిడెంటు గోరూ, ఏం సెయ్యమంటారు?"

చంద్రమౌళి తన ఇంటిని ఒకసారి చూశాడు.

"బోదెలోకి తోసెయ్యవే" అన్నాడు.

పేరంటాలు ట్రాక్టరుతో మూడుసార్లు గుద్దింది. మొదటిసారికి అరుగు పగిలింది, రెండోసారికి గోడ ఒరిగింది. పునాది మాత్రం బాగా పోయించాడు. మూడోసారి ట్రాక్టరు ముందు భాగం వంగిపోయేలా గుద్దితే గాని ఇల్లు బోదెలో పడలేదు. చంద్రమౌళి తువ్వాలు భుజాన వేసుకుని చూస్తూ నిలబడ్డాడు. లోపలి నుంచి ఏమీ తెచ్చుకోలేదు.

పది చక్రాలతో ఇంకో రెండిళ్ళు లాగవచ్చు. ఏ రెండిళ్ళు అని పావుగంట వాదించుకున్నారు. ఆ పావుగంటలో నీళ్ళు జానెడు పెరిగాయి. వాదన వదిలేసి, చక్రాలు అక్కడే వదిలేసి, బయల్దేరారు. కాళ్ళున్నవాళ్ళు నడిచారు. పసివాళ్ళూ ముసలివాళ్ళూ ట్రాక్టరు తొట్టిలోనూ, నా బండిల్లులోనూ.

"ఆ పుత్తకాలు దింపితే ఇంకో పదిమంది పడతారు బాబాయ్ గోరు" అంది పేరంటాలు.

దింపాను. చదివినవే.

పదకొండింటికి ఆఖరి మనిషి దాటాడు. పన్నెండున్నరకు కాజ్‌వే కనబడలేదు. ఈసారి నా లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోవాలనిపించలేదు. ఇప్పుడు మెరక మీది నుంచి చూస్తుంటే మా ఇళ్ళ పైకప్పులు కనబడుతున్నాయి. పునాదులు రద్దు చేసినవాళ్ళు వచ్చి చూడవలసిన దృశ్యం. నలభై బండిళ్ళలో, తోసిన ఒక్కటి తప్ప, ఏదీ అంగుళం జరగలేదు.

పక్కనే అప్పలస్వామి తడిసిన పంచె పిండుకుంటూ, "గుత్తొంకాయ తప్పిపోయింది బాబాయ్ గోరు" అన్నాడు. అతని వెనకే ఒకాయన, ముందుగా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని నా మీద విసుక్కున్నాడు.

ఆగస్టు 11. టైర్లలో ఒకటి దిగింది. కొలవడానికి కాజ్‌వే లేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో. పదకొండో మజిలీలో మునగని కదలిక పుస్తకం ఇదొక్కటే. అందుకని మజిలీ అంతటి నివేదికా ఇందులోనే పూర్తి చేయాలట.

"ముద్ర లేని ఇల్లు కాజ్‌వే దాటడం నేరమండీ" అన్నాడు ముందుగా.

"రాసుకో నాయనా."

రాసుకోలేదు. పుస్తకం తీసుకుని, చివరి పేజీ తెరిచి ఇచ్చాడు. 'నష్టానికి కారకుడైన వ్యక్తి, ఇంటిపేరుతో సహా.' ఒక్క గీత.

"ఒక్క పేరేనా?"

"చోటు ఒక్కటేనండీ. తమరికే తెలుస్తుంది, తమరే రాయండి. నేను సంతకం చేస్తాను."

చంద్రమౌళికి ఇల్లు లేదు గనక నా బండిల్లులోనే ఉంటున్నాడు. ఖాళీ అయిన పుస్తకాల బల్లల మీద పడుకుంటాడు. గురక పెడతాడు. గంజిలో ఉప్పు తక్కువైందంటాడు. గ్లాసు దించి నా వైపు చూశాడు.

"నా పేరే రాయరా. నాకలవాటేగా."

అతను బయటికి చూస్తూ మళ్ళీ గంజి తాగసాగాడు. ఇన్‌స్పెక్టరు అవతల చెట్టు కింద నిలబడి సిరా బుడ్డి కడుక్కుంటున్నాడు. నేను కలం చేతిలోకి తీసుకున్నాను.

గట్టువాణి పేరు రాయవచ్చు, దానికి ఇంటిపేరు లేదు. పిరికి బంతి పెట్టిన పెద్దల పేర్లు రాయవచ్చు, అందరూ పోయారు. ఇక్కడిదాకా ఈ లంక మాట. కాని ఆ గీత చూస్తుంటే నాకు లంక గుర్తు రాలేదు. పందొమ్మిదేళ్ళ కిందటి గుమ్మం గుర్తొచ్చింది. అక్కడ చెయ్యి అడ్డం పెట్టిన మనిషి పేరు నేను ఏ నేరం కిందా రాయలేను. మధ్యాహ్నం దాకా రావన్నవాడి పేరు రాయవచ్చు. అది నాకు బాగా తెలిసిన పేరే.

ఆ మాట చంద్రమౌళి ఆ వేళే నా మొహం మీద అనివుంటే ఏడ్చేవాణ్ణి, లేదా చచ్చేవాణ్ణి. లేదా ఇంకో నాలుగేళ్ళకు లేచి తిరిగేవాణ్ణి. ఆవిడ నన్ను నమ్మి పోయిందని తెలిసి బతికేవాణ్ణి. ఎలా బతికినా అది నా బతుకయ్యేది. దాన్ని నాకు దక్కకుండా చేశాడు. నా లెక్కలో నష్టమంటే అదే. జాలిపడి నోరు మూసుకున్నాడు. నేను తిట్టిన ప్రతి తిట్టూ తలవంచుకుని తీసుకున్నాడు. పులుసు విస్తరి ముందు వెక్కిరించాడు, నేనింకా కొంచెం తిట్టుకోవడానికి వీలుగా. విశాలాక్షి కోసం ఏడవవలసిన పందొమ్మిదేళ్ళూ నేను వీడి మీద పళ్ళు కొరుక్కుంటూ గడిపాను. వీడు సుఖంగా గడపనిచ్చాడు. అంత దయ చూపమని ఎవరడిగారు?

ఇంటిపేరుతో సహా రాశాను.

పెచ్చెట్టి చంద్రమౌళి.